నవ్వని ఫోటో
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యుత్ కేంద్రంలో నా అనుభవాలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను మాత్రం పళ్ల గురించి మాట్లాడతాను. నేను డాక్టర్ని కాదు, బాయిలర్ల నిర్వహణ చూసే ఇంజనీరుని. కానీ ఈ విషయంలో నష్టపోయినవాణ్ణి కాబట్టి రెండు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను.

వరండాలో పెట్టిన మా పదో తరగతి ఫోటో చూసే ఉంటారు. మూడో వరసలో పెదవులు బిగించుకుని నిలబడ్డవాణ్ణి నేనే. కోపమొచ్చి కాదు, ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు కనపడకూడదని. మన నల్లగొండ జిల్లా వాళ్లకు ఆ చారల గురించి వేరే చెప్పనక్కర్లేదు. నడుములు వంగిపోయిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం మనం. వాళ్లతో పోలిస్తే నాది కష్టమే కాదు. కానీ పదిహేనేళ్ల వయసులో అద్దం ముందు అలా అనిపించదు కదా!

ఆ చారలు పోవాలని ఉప్పు, బొగ్గు, ఇటుక పొడి, ఏది దొరికితే అది పెట్టి తోమాను. ఒకరోజు బోరింగు దగ్గర మా సైన్సు సారు చూసి, "అది మురికి కాదురా, నీళ్లలోంచి వచ్చింది. ఎంత తోమినా పోదు" అన్నారు. నేను వినలేదు.

సారు చెప్పింది అక్షరాలా నిజం. శాశ్వత దంతాల పైపొర, అంటే ఎనామిల్, చిన్నతనంలో చిగురు లోపలే తయారవుతుంది. దాదాపు ఎనిమిదేళ్లలోపు తాగిన నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉంటే ఆ పొర సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేసరికే ఆ లోపం పొరలో కలిసి ఉంటుంది. ఇటుక పొడితో నేను అరగదీసింది మచ్చను కాదు, ఎనామిల్‌ను. అది ఒకసారి అరిగితే మళ్లీ పెరగదు.

అసలు నష్టం తర్వాత జరిగింది. పళ్లు చూపించడానికి సిగ్గుపడి ముప్పై ఏళ్లు ఏ దంత వైద్యుడి దగ్గరికీ వెళ్లలేదు. నలభై దాటాక తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. రక్తం వస్తోందని ఆ వైపు తోమడం తగ్గించాను. నొప్పి లేదు కాబట్టి జబ్బు లేదనుకున్నాను. చివరికి దవడ పళ్లు కదిలాక వెళితే నాలుగు తీసేయాల్సి వచ్చింది. అప్పుడే షుగర్ కూడా బయటపడింది. ఈ రెండిటికీ సంబంధం ఉంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు త్వరగా పాడవుతాయి. చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. డాక్టరమ్మ ఆ చారల గురించి ఒక్క మాట కూడా అడగలేదు. నేను దాచుకున్నది వాటిని, పోగొట్టుకున్నది పళ్లను.

మా బాయిలర్ గొట్టాల్లో నీటి ఉప్పు పేరుకుని గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడే తీసేస్తే సులువు. గట్టిపడ్డాక ప్లాంటు ఆపాల్సిందే. పళ్ల మీద పాచి కూడా అంతే. మెత్తగా ఉన్నప్పుడు బ్రష్షుతో పోతుంది. కొద్ది రోజులు వదిలేస్తే గారగా మారుతుంది. ఇక దాన్ని డాక్టరే తీయాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయని మన వాళ్లంటారు. గార పట్టి అప్పటికే చిగురు వదులై ఉంటుంది. గార తీశాక ఆ సందులు కనపడతాయి, అంతే. పై పన్ను తీస్తే చూపు పోతుందన్నది కూడా ఒట్టి భయం.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, మెత్తటి బ్రష్షుతో రెండు నిమిషాలు. బ్రష్షును చిగురు అంచు వైపు ఏటవాలుగా పెట్టి నెమ్మదిగా. బలం చూపించాల్సిన పని కాదది. రాత్రి తోమాక నీళ్లు తప్ప ఏమీ ముట్టను. పళ్ల సందుల్లో చిన్న బ్రష్షు. మూడు నెలలకో బ్రష్షు, ఆరు నెలలకోసారి డాక్టరు. పొగాకు, గుట్కా అలవాటున్న మిత్రులు ఈ స్వర్ణోత్సవం పేరు చెప్పుకుని మానేయండి. కట్టుడు పళ్లు పెట్టుకున్న మన గురువులు రాత్రిపూట వాటిని తీసి, శుభ్రం చేసి, నీళ్లలో ఉంచండి. ఆరేళ్లలోపు మనవలకు బఠానీ గింజంత పేస్టు చాలు, మూడేళ్లలోపైతే బియ్యపు గింజంతే. మింగకుండా చూడండి.

ఒక్క విన్నపంతో ముగిస్తాను. మన దేశంలో ఈ ఫ్లోరైడు జబ్బు గురించి నెల్లూరు ప్రాంతం నుంచి 1937లోనే వైద్యులు రాశారు. పటిక, సున్నంతో ఫ్లోరైడును తీసే పద్ధతికి నాగపూర్ పరిశోధన సంస్థ వాళ్లు మన నల్లగొండ పేరే పెట్టారు. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, సంతోషం. అయినా కుళాయి రాని రోజు పిల్లలు బోరు నీళ్లే తాగుతారు. మన సంఘం ఏటా వేసవి తర్వాత బడి నీళ్లను పరీక్ష చేయించి, ఫలితాన్ని నోటీసు బోర్డు మీద పెట్టాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగనివ్వకూడదు. అదే రోజు పిల్లల పళ్లు కూడా చూపిద్దాం. మొదటి ఐదేళ్ల ఖర్చు నేను భరిస్తాను.

సారు ఈ రోజు మన మధ్య లేరు. ఉంటే ఆయన కాళ్లకు దండం పెట్టి, ఆలస్యంగానైనా విన్నానని చెప్పేవాణ్ణి.  భోజనాల తర్వాత గ్రూప్ ఫోటో ఉందంటున్నారు, మూడో వరసలో నా చోటు నాకు ఉంచండి.

సెలవు.