మే డే పుట్టిన దేశంలో కార్మికుల హక్కులు
(మే దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మే డే నాడు చికాగో పేరు చెప్పుకొని, జెండా ఎగరవేసి, టీ తాగి ఇళ్ళకు వెళ్ళడం మనకు అలవాటైపోయింది. ఈసారి ఆ చికాగో తరువాత ఆ దేశంలో ఏం జరిగిందో చెప్పమని మన కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాను. కనుక గుమాస్తా కళ్ళతోనే ఈ చరిత్ర చదివాను. కొత్త జి.ఓ. చేతికి రాగానే మనం మొదట ఏం చూస్తాం? ఎంత పెంచారన్నది తరువాతి సంగతి. ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్న పేరా ఎక్కడుందో వెతుకుతాం. అమెరికా చట్టాలనూ నేను అలాగే చదివాను.

ముందుగా చికాగో. 1886 మే 1న ఎనిమిది గంటల పనిదినం కోసం అమెరికా అంతటా సమ్మె జరిగింది. మే 3న మెకార్మిక్ యంత్రాల ఫ్యాక్టరీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. దానికి నిరసనగా మరునాడు రాత్రి హేమార్కెట్ కూడలిలో సభ పెట్టారు. సభ ముగింపుకొస్తున్న సమయంలో పోలీసులు వచ్చారు, ఎవరో బాంబు విసిరారు. ఏడుగురు పోలీసులు మరణించారు, కాల్పుల్లో కార్మికులూ చనిపోయారు. బాంబు ఎవరు విసిరారో ఈనాటికీ తేలలేదు. అయినా ఎనిమిది మందిని దోషులన్నారు. 1887 నవంబరు 11న నలుగురిని ఉరితీశారు. ఒకరు అంతకు ముందురోజే జైల్లో ప్రాణం తీసుకున్నారు. మిగిలిన ముగ్గురిని 1893లో ఇల్లినాయ్ గవర్నరు ఆల్ట్‌గెల్డ్, విచారణ న్యాయంగా జరగలేదని వ్రాసి విడుదల చేశారు.

విచిత్రమేమిటంటే మే డే పుట్టిన ఆ దేశంలో మే 1 సెలవు కాదు. అక్కడ 1894 నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం కార్మిక దినం. మన దేశంలో మాత్రం 1923లోనే మద్రాసులో సింగారవేలు చెట్టియార్‌గారు మే డే జరిపారు.

ఇక రెండవ ఘట్టం. 1911 మార్చి 25, న్యూయార్కు. ట్రయాంగిల్ అనే కుట్టుపని ఫ్యాక్టరీ ఒక మేడలో ఎనిమిది, తొమ్మిది, పది అంతస్తుల్లో ఉండేది. శనివారం సాయంత్రం పని ముగిసే వేళ నిప్పంటుకుంది. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపు తాళం వేసి ఉంది. నిమిషాల్లో 146 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది పొట్టకూటికి పరదేశం నుంచి వచ్చిన పడుచు పిల్లలు. మంటలకు తాళలేక కిటికీల్లోంచి దూకినవారూ ఉన్నారు. యజమానుల మీద కేసు నడిచింది, నిర్దోషులని తీర్పు వచ్చింది.

ఆ సాయంత్రం వీధిలో నిలబడి ఈ ఘోరం కళ్ళారా చూసినవారిలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే ఒక యువతి ఉన్నారు. ఆమె ఆ తరువాత ఫ్యాక్టరీల భద్రత కోసం పనిచేశారు. 1933లో రూజ్వెల్టు ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. అమెరికా కేంద్ర మంత్రివర్గంలో మొట్టమొదటి మహిళ ఆమే. ఆమె మంత్రిగా ఉన్న కాలంలోనే పెద్ద చట్టాలు వచ్చాయి. 1935 జులైలో సంఘం పెట్టుకుని యాజమాన్యంతో బేరమాడే హక్కునిచ్చిన వాగ్నర్ చట్టం, అదే ఏడాది ఆగస్టులో వృద్ధాప్యంలో నెలనెలా డబ్బు ఇచ్చే సోషల్ సెక్యూరిటీ చట్టం, 1938లో కనీస వేతనం, ఓవర్‌టైము, బాల కార్మికుల నిషేధం గల చట్టం వచ్చాయి. మొదటి కనీస వేతనం గంటకు 25 సెంట్లు.

చట్టం రాగానే యజమానులు తలవంచలేదు. 1936 డిసెంబరు చివర ఫ్లింట్ పట్టణంలో జనరల్ మోటార్స్ కార్మికులు ఫ్యాక్టరీ బయట కాక లోపలే కూర్చుని సమ్మె చేశారు. 44 రోజుల తరువాత గాని కంపెనీ వారి సంఘాన్ని గుర్తించలేదు.

మనలాంటి వారికి నచ్చే సంగతి ఒకటి చెబుతాను. సోషల్ సెక్యూరిటీ కింద నెలవారీ పెన్షను మొదట అందుకున్నది వెర్మాంట్ రాష్ట్రంలో ఐడా మే ఫుల్లర్ అనే ఆవిడ. ఆమె ఒక లాయరు కార్యాలయంలో పనిచేసి రిటైరైన సెక్రటరీ, అంటే మన కులస్థురాలే! 1940 జనవరి 31 తేదీ వేసిన ఆ చెక్కు నంబరు 00-000-001. మొత్తం 22 డాలర్ల 54 సెంట్లు. మూడేళ్ళలో ఆమె జీతంలోంచి కోసుకున్నది 24 డాలర్ల 75 సెంట్లు. ఆమె నూరేళ్ళు బ్రతికి 1975లో కన్నుమూసేసరికి అందుకున్నది 22 వేల డాలర్లకు పైమాటే. పెన్షనరు దీర్ఘాయుష్షు ఖజానాకు ఎంత బరువో అక్కడి అకౌంట్సు వారికీ అప్పుడే తెలిసివచ్చి ఉంటుంది!

మిత్రులారా, ఇప్పుడు ఆ 'వర్తించదు' పేరా దగ్గరకు వస్తాను.

1935 నాటి ఈ రెండు చట్టాలూ పొలం కూలీలకు వర్తించవు. ఇళ్ళలో పనిచేసే వారికి వర్తించవు. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ రెండు పనులూ చేసేవారిలో చాలామంది నల్లజాతివారు. ప్రభుత్వోద్యోగులకు కూడా వర్తించవు. సోషల్ సెక్యూరిటీని 1950 తరువాత క్రమక్రమంగా వీరిలో చాలామందికి విస్తరించారు. వాగ్నర్ చట్టం మాత్రం పొలం కూలీలను ఇప్పటికీ బయటే ఉంచింది. అంటే తలుపు తెరిచారు, కాని గడప దగ్గర కొందరిని ఆపేశారు.

అలా ఆగిపోయినవారిలో మెంఫిస్ నగర పారిశుద్ధ్య కార్మికులు ఉన్నారు. దాదాపు అందరూ నల్లవారే. పూర్తికాలం పనిచేసినా బీదల సహాయానికి అర్హులయ్యేటంత తక్కువ జీతం. వాన పడితే వారిని జీతం లేకుండా ఇంటికి పంపేవారు, తెల్ల సూపర్‌వైజర్లకు మాత్రం జీతం ఉండేది. 1968 ఫిబ్రవరి 1న వాన కురుస్తుండగా ఇద్దరు కార్మికులు చెత్త లారీ వెనుక భాగంలో తలదాచుకున్నారు. చెత్తను అణచే యంత్రం తనంతట తానే కదిలి ఇద్దరినీ నలిపేసింది. వారు ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది సమ్మెకు దిగారు. వారు మెడలో వేసుకున్న అట్టల మీద జీతం మాట లేదు, గంటల మాట లేదు. 'నేను మనిషిని' అని మాత్రం ఉంది.

మేయరు ససేమిరా అన్నారు. కాని వారు ఒంటరివారు కాలేదు. చర్చి పెద్దలు వచ్చారు, జాతీయ సంఘం వచ్చింది, మార్టిన్ లూథర్ కింగ్ వచ్చారు. వారికోసం వచ్చిన ఆయనను ఆ ఊళ్ళోనే ఏప్రిల్ 4న కాల్చి చంపారు. ఏప్రిల్ 16న ఒప్పందం కుదిరింది. సంఘానికి గుర్తింపు, జీతాల పెంపు వచ్చాయి. అయితే ఆ సంవత్సరమే వారు నగరపాలక సంస్థ పెన్షనులో కాక సోషల్ సెక్యూరిటీలో చేరారు. వృద్ధాప్యంలో అది చాలలేదు. కొందరు ముసలితనంలోనూ చెత్త లారీ దిగలేకపోయారు. చివరకు 2017లో, బ్రతికి ఉన్నవారికి తలా 50,000 డాలర్ల సహాయం నగరం ప్రకటించింది. అప్పటికి సమ్మె జరిగి 49 ఏళ్ళు! పెన్షను ఆప్షను ఫారం ఎంత ముఖ్యమో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

దీనికి ఎదురు కథ 1981లోది. ఆగస్టు 3న విమాన రాకపోకలను నియంత్రించే కేంద్ర ప్రభుత్వోద్యోగులు సుమారు 13,000 మంది సమ్మె చేశారు. వారి సమ్మె చట్టవిరుద్ధం. అంతకు ముందు ఏడాది ఎన్నికల్లో రీగన్‌ను బలపరచిన సంఘం అదే. ఆ రీగన్ 48 గంటల గడువిచ్చి, రానివారిని, అంటే 11,345 మందిని, ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆ రోజుల్లో పైలట్లు విమానాలు నడిపారు, మెకానిక్కులు పనిలోకి వెళ్ళారు. సెప్టెంబరులో వాషింగ్టన్‌లో బ్రహ్మాండమైన ర్యాలీ జరిగింది గాని పోయిన ఉద్యోగాలు తిరిగి రాలేదు. మన సుప్రీంకోర్టు కూడా 2003లో, తమిళనాడు ఉద్యోగుల కేసులో, ప్రభుత్వోద్యోగులకు సమ్మె ప్రాథమిక హక్కు కాదని చెప్పిన సంగతి మీకు తెలుసు.

ఆ తరువాత ప్రైవేటు యజమానులకు ధైర్యం వచ్చింది. 1950లలో అక్కడ ప్రతి ముగ్గురు ఉద్యోగుల్లో ఒకరు సంఘ సభ్యులు. 2024లో నూటికి పదిమంది కూడా లేరు. కేంద్ర ఉద్యోగుల సంఘాలకు 1962లో కెనెడీ సంతకంతో వచ్చి, 1978లో చట్టమైన సంప్రదింపుల హక్కును 2025 మార్చిలో ట్రంప్ సంతకం అనేక శాఖల్లో తీసివేసింది. సంఘాలు కోర్టులకెక్కాయి. ఇచ్చిన హక్కు ఇచ్చినట్టే ఉంటుందని అనుకోవడానికి లేదు.

ఇంత దూరం ఎందుకు తీసుకువచ్చానంటే, నాదొక బాకీ ఉంది. అది ఈ సభలో చెప్పుకోవాలి.

ఎనభైల్లో మన సమ్మె రోజుల్లో నేను ఒక కార్యాలయంలో బిల్లుల సీటులో ఉన్నాను. అక్కడ దినకూలీ మీద ఊడ్చే ఆమె ఒకరు ఉండేవారు. గేటు తాళం తీయమని అధికారులు ఎంత చెప్పినా తీయలేదు. టెంటు దగ్గర మనకు మంచినీళ్ళు పోసింది. సమ్మె ముగిసింది. మన సమ్మె కాలాన్ని సెలవు కింద సర్దుబాటు చేశారు. ఆమె విషయం వచ్చినప్పుడు 'ఈ ఉత్తర్వులు దినకూలీలకు వర్తించవు' అని నోట్ పెట్టింది నేనే. రూలు ప్రకారం అది తప్పు కాదు. ఆమె నా బల్ల దగ్గరకు వచ్చి, "మీతోపాటు నేనూ కూర్చున్నాను గదా బాబూ?" అని అడిగింది. నేను ఫైలులోంచి తల ఎత్తలేదు. సంఘానికి ఒక మాట చెప్పి ఉండవచ్చు, చెప్పలేదు. తరువాత నెలలో ఆమెను పనిలోంచి మాన్పించారు. మెంఫిస్ కార్మికుల అట్టల మీది మాట చదివినప్పుడు నాకు ఆమె గొంతే వినిపించింది.

మిత్రులారా, 1982 డిసెంబరు 17న నకారా తీర్పు పెన్షను దానం కాదు, హక్కు అని చెప్పింది. మనం దాని నీడలో ఉన్నాం. కాని 2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన మన పిల్లల వయసు ఉద్యోగులకు ఆ పాత పెన్షను లేదు. అవుట్‌సోర్సింగ్ వారికి అయితే తమ పి.ఎఫ్. జమ అవుతున్నదో లేదో కూడా తెలియదు. "మన డి.ఏ. మనకు వస్తున్నది, మనకెందుకు" అనుకుంటే, రేపు మన బకాయిల కోసం గొంతెత్తడానికి సర్వీసులో ఎవరుంటారు?

మనకు బలం లేకపోవచ్చు, అర్జీ వ్రాయడం మాత్రం వచ్చు. రూలు ఎక్కడుందో తెలుసు. అందుచేత నా మనవి ఒక్కటే. శనివారం సాయంత్రాలు మన సంఘ కార్యాలయం ఖాళీగానే ఉంటున్నది. ఆ రెండు గంటలు సి.పి.ఎస్. ఉద్యోగులకు, అవుట్‌సోర్సింగ్ వారికి అర్జీలు వ్రాసిపెట్టడానికి, వారి పి.ఎఫ్., ఈ.ఎస్.ఐ. కాగితాలు చూసిపెట్టడానికి కేటాయిస్తూ ఈరోజే తీర్మానం చేయాలని కోరుతున్నాను. మొదటి శనివారం బల్ల దగ్గర నేను కూర్చుంటాను. ఈసారి తల ఎత్తే ఉంటాను.