కొయ్యకాళ్ల మంటలు – అడవికి కాపలా

వరంగల్ ప్రాంతంలో వానాకాలం, యాసంగి వరికోతలు ముగిశాక పొలాల్లో మంటలు కనిపిస్తాయి. హార్వెస్టర్ కోసిన మడిలో కొయ్యకాళ్లు, గడ్డి మిగులుతాయి. తర్వాతి దుక్కికి వ్యవధి తక్కువ, కూలి ఖర్చు ఎక్కువ కావడంతో రైతులు వాటికి నిప్పు పెడతారు.

టన్ను వరిగడ్డి కాలితే సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ నష్టమవుతాయని శాస్త్రవేత్తల అంచనా. పైపొరలోని సూక్ష్మజీవులు చనిపోతాయి. గాలి వీస్తే మంట పక్క చేనుకు, గడ్డివాములకు పాకుతుంది.

1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టం ప్రకారం, వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతాల్లో ఇలా తగలబెట్టడాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిషేధించవచ్చు. ప్రాణాలకు ముప్పు కలిగేలా నిప్పు విషయంలో నిర్లక్ష్యం చూపితే, భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రిజర్వు అడవికి నిప్పు పెట్టడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం.

పాకాల, ఏటూరునాగారం అడవుల్లో ఫిబ్రవరి నుంచి మే వరకు మంటల ముప్పు ఎక్కువ. ఇప్పపువ్వు ఏరడానికి, తునికాకు చిగుర్ల కోసం పెట్టే నిప్పు ఎండుటాకుల్లో అల్లుకుంటుంది. అటవీ సిబ్బంది ఆకులు ఊడ్చి అగ్నిరేఖలు తీస్తారు. 1990ల్లో మొదలైన వన సంరక్షణ సమితుల్లో గ్రామస్థులే అడవికి కాపలాగా నిలిచారు.

పొలంలో కొయ్యకాళ్లను కాల్చే బదులు రోటవేటర్‌తో నేలలో కలియదున్ని నీరు పెడితే, కుళ్లి ఎరువవుతాయి. గడ్డిని బేలర్‌తో కట్టలు కడితే పశువులకు మేతవుతుంది. మంట అదుపు తప్పితే ఆలస్యం చేయకుండా 101కు ఫోన్ చేయాలి.