అమ్మానాన్నలను ఆశ్రమంలో చేర్చేటప్పుడు షుగరు సంగతి

మన తోట్లవల్లూరు, ఉయ్యూరు ప్రాంతాల్లో పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో స్థిరపడి, పెద్దవారిని వృద్ధాశ్రమంలో చేర్చవలసి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. అది తప్పని నేను అనను. కాని షుగరు ఉన్నవారిని చేర్చేటప్పుడు మందుల సంచి అప్పగించి వచ్చేయకండి.

ఎందుకో చెబుతాను. అమ్మగారికి రోజుకు మూడు మాత్రలు రాసి ఉన్నాయనుకుందాం. ఇంట్లో ఆవిడ వేసుకునేది ఒకటో, రెండో. ఆ సంగతి తెలియక డాక్టరుగారు షుగరు తగ్గలేదని డోసు పెంచి ఉంటారు. ఆశ్రమంలో సిస్టరు చీటీలో ఉన్నవన్నీ వేళకు వేయిస్తుంది. పైగా కొత్తచోట బెంగతో ఆవిడ సగం అన్నమే తింటారు. మందు పూర్తిగా, తిండి సగం. షుగరు అమాంతం పడిపోతుంది. కాబట్టి ఇంట్లో నిజంగా ఏవి వేసుకునేవారో, ఏవి మానేసేవారో మొహమాటపడకుండా చెప్పండి. మొదటి వారం ఫోను చేసినప్పుడు ఏ పూట ఎంత తిన్నారో అడగండి.

షుగరు 70 కంటే తగ్గితే ప్రమాదం. పెద్దవారిలో చెమట, వణుకు కనిపించకపోవచ్చు. తికమకగా మాట్లాడతారు, మగతగా పడుకుంటారు, తూలిపడతారు. వయసు మీద పడిందిలే అని చుట్టూ ఉన్నవారు వదిలేస్తారు. అనుమానం వస్తే వెంటనే పరీక్ష చేయించాలి. మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోను చేయాలి.

చేర్చకముందే కిడ్నీ పరీక్ష చేయించి, మందులన్నీ డాక్టరుగారికి చూపించండి. గ్లైబెంక్లమైడ్ వంటి పాత మాత్రలు కిడ్నీలు బలహీనపడినవారిలో షుగరును చాలాసేపు దించేస్తాయి. బలహీనంగా ఉన్న పెద్దవారికి 100 నుంచి 200 మధ్య ఉంటే సాధారణంగా చాలు. "మా నాన్నగారికి 110 దాటకూడదు" అని సిబ్బందిని తొందరపెట్టకండి.

ఇన్సులిన్ వాడేవారైతే అక్కడ టిఫిను వేళ కనుక్కోండి. 30/70 రకం మామూలు ఇన్సులిన్ తినడానికి అరగంట ముందు ఇస్తారు. ఏడింటికి సూది, తొమ్మిదింటికి ఇడ్లీ అంటే కుదరదు. సీసా మీద 40 అని ఉంటే సిరంజి కూడా 40దే ఉండాలి. 100 ఇన్సులిన్‌ను 40 సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు మందు వెళ్ళిపోతుంది.

చూడటానికి వెళ్ళేటప్పుడు బందరు లడ్డూ తీసుకెళ్ళాలనిపిస్తుంది, సహజమే. సిస్టరుకు చెప్పి చిన్న ముక్క పెట్టండి. దిండు కింద మాత్రం దాచి రావద్దు.