రేవు పుట్టించిన ఊరు: కర్నూలు పేటల తొలి చరిత్ర

కర్నూలు చరిత్ర అనగానే కొండారెడ్డి బురుజు దగ్గర మొదలుపెట్టడం మనకు అలవాటు. విజయనగర ప్రభువుల కాలంలో కోట లేచింది. బీజాపూరు సుల్తానుల తరఫున అబ్దుల్ వహాబ్ ఖాన్ ఏలాడు. ఆపైన నవాబులొచ్చారు. 1839లో ఈస్టిండియా కుంపిణీవాళ్ళు ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించి ఊరిని కలుపుకున్నారు. ఇదంతా నిజమే అయినా ఏలికల వరసే తప్ప ఊరు ఎందుకు పుట్టిందో ఇందులో తెలియదు. ఈ ఊరిని పుట్టించింది రేవు, పెంచింది బాట అన్నది నా వాదన.

తుంగభద్రలో హంద్రి కలిసేచోట ఊరుంది. ఆలంపురం గుడులకు రాళ్ళు తోలే బండ్లవాళ్ళు ఏరు దాటేముందు ఇక్కడ ఆగి, ఇరుసులకు కందెన పూసుకునేవారని జనశ్రుతి. దాన్ని శాసనంలా నమ్మనక్కర్లేదు. కానీ ఊరి పుట్టుక చెప్పేటప్పుడు జనం రాజును గాక బండ్లవాళ్ళను తలచుకున్నారంటే, బాటే తమకు మూలమని వాళ్ళెరుగుదురన్నమాట. బండి ఆగిన చోట నూనె, మేత, తిండి, మరమ్మతు కావాలి. అవి అమ్మేవాళ్ళు ఇళ్ళు కట్టుకుంటేనే పేట అవుతుంది.

కోట లేకుంటే ఊరికి రక్షణ ఎక్కడిదని అడగవచ్చు. రక్షణ విలువను తీసివేయలేం. అయితే కాపాడవలసిన రేవు, సుంకం రాబట్టదగిన రాకపోకలు ఉన్నందుకే కోటకు ఈ చోటు కుదిరింది. ఏలిక ఆజ్ఞ కంటే బాటే నిలుస్తుందనడానికి కడప సంగతీ చూడండి. గోల్కొండ సేనాని నేక్‌నామ్ ఖాన్ 17వ శతాబ్దంలో అక్కడ నేక్‌నామాబాద్ నెలకొల్పాడు. ఆ పేరు జనం నోట నిలవలేదు. దేవుని కడప గుడి, తిరుమల యాత్రికుల బాట మాత్రం నిలిచాయి.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఒకటుంది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని అయినప్పుడు గుడారాల్లో కచేరీలు నడిచాయి. ఎ, బి, సి క్యాంపులనే పేటలు సర్కారు ఆజ్ఞతోనే వెలిశాయి కదా? అవును, వాటి పుట్టుక సర్కారుదే. కానీ 1956లో రాజధాని హైదరాబాదుకు తరలినా క్యాంపులు ఖాళీ కాలేదు. పాతబస్తీ అంగళ్ళు, నాలుగు దిక్కుల బాటలు, జిల్లా కచేరీలు వాటికి బతుకుతెరువు చూపాయి. ఆజ్ఞ ఇళ్ళు కట్టించగలదు, వాటిలో బతుకు నిలిపేది బాటే.

ఈ చర్చ పాత ముచ్చట కోసం కాదు. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రి పాతబస్తీని ముంచెత్తాయి. ఊరిని కన్న ఏరే దానికి గండం కూడా. ఏ పేట ఎప్పుడు, ఏ మెట్ట మీద, ఏ పల్లంలో వెలిసిందో తెలిస్తే, నీటికి వదలాల్సిన జాగా ఏదో తెలుస్తుంది. కడప జిల్లా కైఫీయత్తులను, అంటే ఊళ్ళ పాత చరిత్రలను, సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం అచ్చువేసింది. అదే శ్రద్ధతో ఇనాం దస్త్రాలు, సమాధుల మీది రాతలు, పురపాలక రిజిస్టర్లు వెదికి కర్నూలుకు పేటవారీ చరిత్ర రాయాలి. దాన్ని పట్టణ ప్రణాళిక రాసేవారి బల్లమీద పెట్టాలి. హంద్రి ఒడ్డున కొత్త ఇంటికి అనుమతి ఇచ్చేముందు వాళ్ళు దాన్ని చదివితీరాలి.