ఐదుసార్లు కాలిన కోట, ఐదుసార్లు కట్టిన జనం

 

పోయినసారి పాత కట్టడాల గురించి మాట్లాడుకున్నప్పుడు కామెంట్లలో ఒక ప్రశ్న చాలామంది అడిగారు. "అన్నా, పాతది కాలిపోయాకో కూలిపోయాకో మళ్ళీ కడితే అది పాతదే అవుతుందా? డూప్లికేట్ కాదా?" అని. మంచి ప్రశ్న. దానికి నేను ఒక్క లైన్‌లో జవాబు చెప్పలేను. కానీ ఒక కథ చెప్తాను. కథ అంటే కల్పన కాదు, జరిగిందే. విన్నాక జవాబు మీరే చెప్పండి.

జపాన్ మ్యాప్ ఒకసారి ఊహించుకోండి. బాగా కిందికి, దక్షిణానికి వస్తే తైవాన్‌కి దగ్గరగా చిన్న చిన్న ద్వీపాలు ఉంటాయి. అదే ఒకినావా. ఇప్పుడది జపాన్‌లో ఒక రాష్ట్రం లాంటిది. ఒకప్పుడు మాత్రం వేరే దేశం. పేరు ర్యూక్యూ రాజ్యం. 1429 నుంచి 1879 దాకా, అంటే 450 ఏళ్ళు నడిచింది. చైనాతో, జపాన్‌తో, ఆగ్నేయాసియాతో ఓడల మీద వ్యాపారం చేసి బతికిన రాజ్యం. వాళ్ళ భాష వేరు, పాటలు వేరు, తిండి వేరు.

ఆ రాజ్యానికి గుండెకాయ షురి కోట. నాహా అనే ఊరికి పైన, గుట్ట మీద ఉంటుంది. మెలికలు తిరిగే తెల్లటి రాతి గోడలు, లోపల ఎర్రగా మెరిసే రాజభవనం. ఆ ముఖ్య భవనాన్ని సెయిడెన్ అంటారు. మెట్ల ముందు రెండు పెద్ద రాతి డ్రాగన్ స్తంభాలు.

2019 అక్టోబర్ 31. తెల్లవారుజామున రెండున్నర దాటింది. కోటలో ఏటా జరిగే ఉత్సవం నడుస్తున్న రోజులవి. అలారం మోగింది. సెక్యూరిటీ వాళ్ళు వెళ్ళేసరికే లోపల పొగ. మొత్తం చెక్క కట్టడం, పైన లక్క పూత. ఎలా అంటుకుంటుందో చెప్పక్కర్లేదు. గుట్ట మీద మంట కాబట్టి ఊరంతటికీ కనిపించింది. జనం రోడ్ల మీదికొచ్చి, చేతులు జోడించుకుని ఏడుస్తూ నిలబడ్డారు. మంట ఆర్పడానికి దాదాపు 11 గంటలు పట్టింది. సెయిడెన్ పోయింది, రెండు పక్కల ఉన్న భవనాలు పోయాయి, లోపల దాచిన పాత వస్తువుల్లో సుమారు 400 పోయాయి. అదృష్టం ఏంటంటే ప్రాణాలు పోలేదు. ఆ రెండు డ్రాగన్ స్తంభాలు కూడా దెబ్బతిన్నాయి గానీ కూలిపోలేదు.

కారణం? కరెంటు వైరింగ్ దగ్గర మొదలై ఉంటుందని అనుమానించారు. కానీ అంతా బూడిదైపోవడంతో ఇదీ కారణం అని తేల్చలేకపోయారు. భవనం లోపల స్ప్రింక్లర్లు లేవన్నది మాత్రం నిజం.

మన వాళ్ళకి ఈ బాధ తెలియనిది కాదు. 2020 సెప్టెంబర్‌లో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయినప్పుడు గోదావరి జిల్లాల్లో ఎంత గగ్గోలు పుట్టిందో గుర్తుంది కదా. టేకు చెక్కే కదా అని ఎవరూ అనలేదు. కొత్త రథం చేయించి, 2021 ఫిబ్రవరిలో ఉత్సవానికి తెచ్చేదాకా మనసు కుదుటపడలేదు.

ఇప్పుడు అసలు ట్విస్ట్. 2019లో కాలిపోయిన ఆ భవనం వయసెంతో తెలుసా? 27 ఏళ్ళు. అంతే! దాన్ని కట్టింది 1992లో.

మరి 27 ఏళ్ళ బిల్డింగ్ కోసం ఊరంతా ఏడవడం ఏంటి?

కొంచెం వెనక్కి వెళ్దాం. షురి కోట మొదటిసారి కాలింది 1453లో, సింహాసనం కోసం జరిగిన గొడవల్లో. మళ్ళీ కట్టారు. 1660లో కాలింది. తిరిగి కట్టడానికి పదేళ్ళ పైనే పట్టింది. 1709లో కాలింది. అప్పుడు రాజ్యం దగ్గర కలప లేదు, జపాన్‌లోని సత్సుమా ప్రభువులు సుమారు 20 వేల దుంగలు ఇస్తే కట్టుకున్నారు. ఆ భవనం రెండు వందల ఏళ్ళ పైన నిలబడింది.

1879లో జపాన్ ఆ రాజ్యాన్ని కలిపేసుకుంది. రాజుని టోక్యోకి పంపించేశారు. కోటని పట్టించుకునేవాళ్ళు లేరు. సైన్యం ఉంది, తర్వాత బడి నడిచింది, చెక్కలు పుచ్చిపోయాయి. 1920ల్లో ఇక కూల్చేద్దాం అన్నారు. ఆ వార్త పేపర్లో చూసినాయన ఒకరున్నారు. పేరు కామకురా యోషితారో. ఒకినావాలో డ్రాయింగ్ చెప్పిన మాస్టారు. పుట్టింది అక్కడ కాదు, బయట నుంచి వచ్చినాయన. వెంటనే ఇతో చూతా అనే పెద్ద ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ దగ్గరికి పరిగెత్తాడు. ఆయన ప్రభుత్వంతో మాట్లాడి కూల్చివేత ఆపించాడు. 1925లో సెయిడెన్‌ని జాతీయ సంపదగా ప్రకటించారు.

కామకురా అక్కడితో ఆగలేదు. కెమెరా పట్టుకుని ఒకినావా అంతా తిరిగాడు. వెయ్యికి పైగా గాజు ప్లేట్ల మీద ఫొటోలు తీశాడు. డజన్ల కొద్దీ నోటు పుస్తకాల్లో కొలతలు, రంగులు, బొమ్మలు రాసుకున్నాడు. అప్పుడు ఆయన్ని చూసినవాళ్ళు, ఈ మాస్టారికి వేరే పనేమీ లేదా అనుకునే ఉంటారు.

1945లో యుద్ధం వచ్చింది. జపాన్ 32వ సైన్యం సరిగ్గా కోట కిందే సొరంగాలు తవ్వి హెడ్‌క్వార్టర్స్ పెట్టుకుంది. ఇంకేముంది, అమెరికా ఫిరంగులన్నీ అటే తిరిగాయి. కోట నేలమట్టం. ఒకినావా జనంలో నాలుగో వంతు మంది ఆ యుద్ధంలో చనిపోయారని అంటారు. తాతలు, అమ్మమ్మలు, ఇళ్ళు, ఫొటోలు అన్నీ పోయాయి. యుద్ధం తర్వాత ఆ గుట్ట మీద యూనివర్సిటీ కట్టారు. దీవులు 1972 దాకా అమెరికా చేతిలోనే ఉన్నాయి.

ఆ తర్వాత జనం కోట తిరిగి కట్టుకోవాలన్నారు. ఎలా? కళ్ళతో చూసినవాళ్ళు కొందరే మిగిలారు. అప్పుడు పనికొచ్చినవి ఏంటి? 1768లో మరమ్మతుల కోసం రాసుకున్న కొలతల పుస్తకం, కామకురా ఫొటోలు, ఆయన నోట్సు. వాటిని పక్కన పెట్టుకుని, ముసలివాళ్ళ జ్ఞాపకాలు అడిగి, 1992లో సెయిడెన్ నిలబెట్టారు. అందుకే అది వాళ్ళకి 27 ఏళ్ళ బిల్డింగ్ కాదు. యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్నవాళ్ళు తిరిగి తెచ్చుకున్న ఒక్క వస్తువు.

సరే, 2019కి వద్దాం. మంట ఆరిన మర్నాడే నాహా నగరపాలక సంస్థ ఆన్‌లైన్‌లో విరాళాలు మొదలుపెట్టింది. లక్ష్యం 10 కోట్ల యెన్‌లు. అప్పటి లెక్కన మన ఆరు కోట్ల రూపాయల పైమాట. మూడు నాలుగు రోజుల్లోనే దాటిపోయింది. స్కూలు పిల్లలు డబ్బాలు పట్టుకుని వీధుల్లో నిలబడ్డారు. హవాయికి, బ్రెజిల్‌కి, పెరూకి వందేళ్ళ కిందట కూలి పనులకి వలసపోయిన ఒకినావా కుటుంబాల మనవళ్ళు, మునిమనవళ్ళు డబ్బు పోగుచేసి పంపారు. రాష్ట్ర ప్రభుత్వానికి అందిన విరాళాలు మొత్తం 500 కోట్ల యెన్‌లు దాటాయి. నిర్మాణం బాధ్యత కేంద్ర ప్రభుత్వానిదే. కానీ కలప, పెంకులు, కప్పు మీద డ్రాగన్ తలలు లాంటి వాటికి ఈ జనం డబ్బు వాడాలని నిర్ణయించారు. అంటే రేపు ఎవరైనా తల పైకెత్తి, "ఆ పెంకులో నా వంద యెన్‌లు ఉన్నాయి" అనుకోవచ్చన్నమాట.

డబ్బు ఒక్కటే కాదు. పెంకుల సంగతి వినండి. ఒకినావా ఇళ్ళ మీద ఎర్ర పెంకులు ఉంటాయి, తుఫాను గాలికి లేచిపోకుండా మధ్యలో సున్నం దట్టంగా మెత్తుతారు. మంటల్లో కప్పు కూలినప్పుడు వేల పెంకులు కింద పడ్డాయి. కొన్ని పగల్లేదు. 2020 ఫిబ్రవరిలో వాలంటీర్లు వచ్చి కూర్చుని, ఒక్కో పెంకుకి అంటుకున్న సున్నాన్ని చేత్తో గీకి తీశారు. ఎంత విసుగు పనో ఆలోచించండి. పగిలిన ముక్కల్ని కూడా పారేయలేదు. పొడి కొట్టి, కొత్త పెంకులు చేసే మట్టిలో కలిపారు. కాలిన కోట కొత్త కోటలోకి అలా నిజంగానే వెళ్ళింది.

కలపకి ఇంకో కథ. 1992లో తైవాన్ నుంచి పెద్ద దేవదారు లాంటి చెట్లు తెచ్చారు. ఇప్పుడు అక్కడ ఆ చెట్లు కొట్టనివ్వరు. అందుకని ఎక్కువ కలప జపాన్ ప్రధాన దీవుల నుంచి తెచ్చారు. కొన్ని దూలాలకి మాత్రం ఒకినావా ఉత్తరాన ఉన్న యన్‌బరు అడవిలో పెరిగే ఓక్ జాతి చెట్టే కావాలనుకున్నారు. పూర్వం ఆ అడవి నుంచి రాజుగారి కోటకి దుంగలు లాగేటప్పుడు కూలీలు ఒక పాట పాడేవాళ్ళు. పేరు కున్‌జన్ సబకుయి. మన దగ్గర బరువులు లాగేటప్పుడు హైలెస్సా అంటారు చూడండి, అలాంటిది. 2022లో కునిగామి ఊరి నుంచి షురి దాకా దుంగని ఊరేగింపుగా తెచ్చారు. పాత బట్టలు కట్టుకుని, అదే పాట పాడుకుంటూ తాళ్ళు పట్టి లాగారు.  లాగినవాళ్ళకి ఆ కోట ఇక ప్రభుత్వానిది కాదు, తమది.

ఎర్ర రంగు విషయంలో కూడా అంతే పట్టుదల. పాత రికార్డుల్లో ఆ ఎరుపు కుషి అనే ప్రాంతం నుంచి తెచ్చేవాళ్ళని రాసి ఉంది. పరిశోధకులు చూస్తే అది ఉత్తర ఒకినావా నీళ్ళలో ఇనుము తినే బ్యాక్టీరియా తయారుచేసే మడ్డి అని అర్థమైంది. మన ఊళ్ళల్లో కొన్ని కాలవల అంచున నారింజ రంగు తెట్టు కనిపిస్తుందే, అలాంటిదే. ఈసారి ఆ సహజమైన రంగునే వాడాలని నిర్ణయించారు.

అన్నీ సాఫీగా జరిగాయనుకోకండి. గొడవలు కూడా అయ్యాయి. ఆ డ్రాగన్ స్తంభాలు ఒకదాన్నొకటి చూసుకోవాలా, ముందుకి చూడాలా? 1768 బొమ్మలో ఎదురెదురుగా ఉన్నాయి. మంట తర్వాత 1877లో ఓ ఫ్రెంచి నావికాధికారి తీసిన ఫొటో బయటపడింది. అందులో ముందుకి చూస్తున్నాయి! నిపుణుల కమిటీ చర్చించి ఎదురెదురుగానే పెట్టాలంది. ఒప్పుకోనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకైతే ఈ గొడవ నచ్చింది. రాయి ఎటు చూడాలని జనం పోట్లాడుకుంటున్నారంటే ఆ కట్టడం బతికే ఉందని అర్థం.

కోట కింది సొరంగాలు కూడా తెరిచి చూపించాలని చాలామంది అడుగుతున్నారు. పైన అందం ఒక్కటే చూపించి కింద యుద్ధాన్ని దాచకూడదని వాళ్ళ మాట. అది కూడా న్యాయమే.

పని జరుగుతున్నన్నాళ్ళూ కోటని మూసెయ్యలేదు. చుట్టూ పెద్ద షెడ్డు వేసి, లోపల వడ్రంగులు చేసే పని జనం చూసేలా దారి పెట్టారు. వాళ్ళు దీన్ని చూపిస్తూ కట్టడం అన్నారు. ఈసారి లోపల స్ప్రింక్లర్లు పెడుతున్నారు. సెయిడెన్ పూర్తికి పెట్టుకున్న గడువు 2026.

చివరిగా, ఫోన్ చేతిలో పట్టుకుని ఈ వీడియో చూస్తున్న మీకోసం ఒక విషయం. కోట కాలిన కొద్ది రోజులకే టోక్యోలో కొందరు కంప్యూటర్ పరిశోధకులు, విద్యార్థులు కలిసి ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. ప్రపంచంలో ఎవరైనా సరే, టూరుకి వెళ్ళినప్పుడు తీసుకున్న షురి కోట ఫొటోలు, వీడియోలు ఉంటే పంపండి అన్నారు. హనీమూన్ ఫొటోలు, స్కూలు ఎక్స్‌కర్షన్ ఫొటోలు, సెల్ఫీలు, ఏవైనా సరే. వేల కొద్దీ వచ్చాయి. వేర్వేరు కోణాల్లో తీసిన ఫొటోల్లో ఒకే బిందువుని సాఫ్ట్‌వేర్ పోల్చి చూసి, అది ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉందో లెక్కగడుతుంది. అలా కోటని కంప్యూటర్‌లో మూడు కొలతల్లో మళ్ళీ నిలబెట్టారు. అయితే ఒక చిక్కు. అందరూ తీసేది ముందు భాగమే. వెనక గోడని, మూలని ఎవరు తీస్తారు చెప్పండి?

నేను మిమ్మల్ని అడిగేది అదే. మన దగ్గర కొండ మీద కోటలకి కొదవ లేదు. కొండవీడు, కొండపల్లి, భువనగిరి... వీకెండ్ వెళ్తాం, గేటు ముందు రీల్ చేస్తాం, దిగిపోతాం. ఈసారి వెళ్ళినప్పుడు ఒక పది నిమిషాలు ఎక్కువ ఉండండి. వెనక్కి వెళ్ళండి. పగిలిన గోడ, విరిగిన స్తంభం, అరిగిపోయిన శాసనం తీయండి. దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. తేదీ, చోటు రాసిపెట్టుకోండి. ఫొటోలు తీయొద్దన్న చోట తీయకండి. ఎండాకాలం కొండ మీద గడ్డిలో నిప్పు పెట్టి వంటలు మాత్రం అస్సలు వద్దు. కామకురా మాస్టారికి గాజు ప్లేట్లు మొయ్యాల్సి వచ్చింది. మన కెమెరా జేబులోనే ఉంది.

ఇక మొదటి ప్రశ్న. మళ్ళీ కడితే అది పాతదేనా? చెక్క కొత్తదే. పెంకులో పాత పెంకు పొడి ఉంది. పాట పాతదే, పాడిన గొంతులు కొత్తవి. కొలతలు 1768వి. నా లెక్కలో అయితే అది అదే కోట. కాదంటారా? ఎందుకు కాదో కామెంట్లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో మీ వాదనలు చదువుతాను. మీ ఊళ్ళో ఇలాంటి కట్టడం ఏదైనా ఉంటే పేరు కూడా రాయండి.

అప్పటిదాకా జాగ్రత్త. ఉంటాను, నమస్తే.