తేమ ఎవరు చూడాలి?

ఈ సభ ఎవరి పేరున జరుగుతోందో ఆ పెద్దాయన వడ్లగింజను పంటి కింద పెట్టి కొరికేవారు. పటుక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలన్నట్టు. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతపు బియ్యం యంత్రాల చరిత్ర చెప్పమన్నారు నన్ను. నా లెక్కలో అది గింజ తేమ ఎంతో తేల్చే అధికారం ఎవరెవరి చేతులు మారిందన్న చరిత్ర.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మెట్టచేలు మళ్లయ్యాయి. సూర్యాపేట వైపు శ్రీరాంసాగర్ రెండో దశ నీళ్ల కోసం చాలా ఏళ్లు చూడాల్సి వచ్చింది.

యాసంగి గింజకు ఒక తిప్పలుంది. వేసవి ఎండకు లోపల సన్నగా పగులుతుంది. పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువొస్తుంది. నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెడితే లోపలి పిండి మెత్తబడి పగుళ్లు అతుక్కుంటాయి. అదే ఉప్పుడు బియ్యం. పాత పద్ధతిలో చల్లనీళ్లలో రెండు మూడు రోజులు నానితే బియ్యం వాసన కొట్టేవి. 1950లో మొదలైన మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ వేడినీళ్లతో కొద్ది గంటల్లో ముగించే దారి చూపింది. వడ్ల బరువులో దాదాపు ఐదో వంతు ఊకే. అదే బాయిలర్‌లో మండుతుంది. తవుడు ముక్కిపోకముందే నూనె ఫ్యాక్టరీకి పోతుంది. మిగిలేది బూడిద. అదీ గాలికి లేచి పక్క చేల మీద, ఆరేసిన బట్టల మీద వాలుతుంది. పొదుపైన ఏర్పాటే, కాదనను. కాని పండించినవాణ్నీ, కల్లంలో తూర్పారబట్టిన ఆమెనూ ఏ దశలోనూ ఎవరూ అడగలేదు.

అడగకపోతే ఏమవుతుందో కోత మిషన్ చూపించింది. కుప్పలు వేసుకునే రోజుల్లో గింజ కుప్పలోనే ఆరేది. మిషన్ ఒక్కపూటలో కోసి నూర్చి, తడి వడ్లు ట్రాక్టర్లో పోస్తుంది. ఆరబెట్టే పని అప్పట్నుంచి రోడ్డెక్కింది: పట్టాలు, రాత్రి కాపలా, మబ్బు పట్టిందంటే గుండెదడ. సన్నవడ్లయితే తేమతోనే మిల్లు గేటు ముందు ట్రాక్టర్ల వరుస. మిల్లుల వైపు చూస్తే, 2021లో కేంద్ర ప్రభుత్వం ఇక ఉప్పుడు బియ్యం తీసుకోనన్నప్పుడు, ఇన్నేళ్ల బాయిలర్లూ ఒకే కొనుగోలుదారు మీద ఆనుకుని ఉన్నాయని అందరికీ తెలిసొచ్చింది.

ఇంత పెద్ద యంత్రాంగంలో ఊరి చేతికి వచ్చింది ఒక్కటే, తేమ మీటరు. ఐకేపీ కొనుగోలు కేంద్రంలో మహిళా సంఘం సభ్యురాలు గుప్పెడు గింజలు అందులో పోస్తుంది. 17 శాతం దాటిందా, “చిన్నాయనా, 19 ఉన్నది, ఇంకో ఎండ పెట్టు” అంటుంది. ఆయన గొణుగుతాడు గాని, అంకె తన కళ్లతోనే చూశాడు. లారీ మిల్లుకు చేరాక మళ్లీ తరుగు పేరుతో కోత పడితే మాత్రం ఆమె మీటరుకు విలువ లేదు. గొడవలన్నీ అక్కడే.

జహీరాబాద్‌లో కథ వేరుగా నడిచింది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు బీడు భూముల్లో జొన్నలు పండించి, ఊళ్లోనే నిలవ చేసి, ఎవరింట్లో తిండి కరువో తామే తేల్చి పంచారు. 2019లో వాళ్లకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మెట్ట జొన్న వేరు, కాలువ వరి వేరు, నాకు తెలుసు. వాళ్ల పద్ధతిని ఎత్తుకొచ్చి మిర్యాలగూడలో నాటమని అనను. తిండి లెక్క ఊరే వేసుకున్న తీరు చూడమంటున్నాను.

మనకు కావలసింది కొనుగోలు కేంద్రం దగ్గరే ఊకతో నడిచే డ్రయ్యర్. అలాంటివి మిల్లుల్లో ఉన్నవే. వడ్లతో పోయిన ఊకలో కొంత ఊరికి తిరిగిరావాలి, అంతే. ఊరికి సరిపడే నమూనా గీసే ఇంజనీరు ముందు యాసంగి కొనుగోళ్లు ముగిసేదాకా కేంద్రంలో కూర్చోవాలి. ఒక్కరోజున ఎన్ని బస్తాలు దిగుతాయి, కరెంటు ఎప్పుడు పోతుంది, హమాలీ బస్తా ఎంత ఎత్తుకు లేపగలడు, బూడిద ఎటు పోవాలి, చెడిపోతే బాగుచేసేదెవరు? మీటరు పట్టినామెకు ఇవన్నీ తెలుసు. అయితే ఊరకే అడగొద్దు, రోజుకూలి కట్టి అడగండి.