గాలి లెక్కలో రైతు వాటా ఎంత?
(హైటెక్ సిటీ సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ అద్దాల మేడల్లో కార్బన్ క్రెడిట్లు కొత్త మాట కావచ్చు, మన పల్లెలకు పాతదే. 2003లో ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు, డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కను ప్రపంచ బ్యాంకుకు అమ్మారు. వచ్చింది 645 డాలర్లు. టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు.

ఇప్పుడు దేశాలే పంచుకుంటున్నాయి. 2025 ఆగస్టులో భారత్, జపాన్ ఉమ్మడి క్రెడిట్ల ఒప్పందం చేసుకున్నాయి. పారిస్ ఒప్పందం నియమం ప్రకారం, విదేశానికిచ్చిన టన్ను మన దేశం లెక్కలోంచి పోతుంది.

మరి మీథేన్ తగ్గించే ఆరుతడి వరి మనది. కాగితం తెలుగులో ఉండాలి. ధర, గడువు, రైతు వాటా అందులో రాయాలి. మడిలో దిగే కౌలు రైతు పేరూ ఉండాలి. చదివి వినిపించనిదే ఎవరూ వేలిముద్ర వేయొద్దు.